తక్కువలో పెట్టిన కరెంటు

గర్భసంచి తీసివేసిన తర్వాత అమ్మకు కుట్లు మానాయి గాని, పొత్తికడుపులో నొప్పి పోలేదు. భుయ్యాడీహ్ బస్తీలోని మా ఇంట్లో ఆమె గోడ పట్టుకొనే నడిచేది. కుంపటి ముందు కూర్చుంటే లేవడానికి నేను చేయి అందించవలసి వచ్చేది. మాత్రలు ఆమె కడుపులో నిలవలేదు. చివరకు, నరాలకు సన్నని కరెంటు పంపి నొప్పిని తగ్గించే చిన్న పెట్టె ఒకటి వచ్చిందని, దానితో ప్రయత్నిద్దామని ఆసుపత్రిలో చెప్పారు.

కరెంటు అన్న మాట వినగానే అమ్మ మంచం దిగబోయింది. నాన్న కారఖానాలో వైర్‌మన్. లైన్‌మీద పనిచేసేటప్పుడు ఎవరూ మళ్ళీ కరెంటు ఇవ్వకుండా ఫ్యూజు తీసి తన జేబులోనే వేసుకోవడం ఆయన పద్ధతి. అలా చేయక, మరొకరి మాట నమ్మి తీగ ముట్టుకున్న పక్కింటాయన శవాన్ని అమ్మ చూసింది. పెట్టె బ్యాటరీతో నడుస్తుందని, ప్రమాదం లేదని ఫిజియోథెరపిస్టు హిందీలో చెప్పినదంతా ఆమెకు తెలుగులో వివరించాను. మా ఇంట్లో మొదట డిగ్రీ పూర్తిచేసినదాన్ని నేనే. అయినా అమ్మకు నా మాట చాలలేదు.

"మీ నాన్న సేతిలో ఉంటేనే ఎట్టించుకుంటాను. నేకపోతే ఒద్దు," అన్నది.

ఆ గదిలోకి మగవారిని రానివ్వరు. నర్సును బతిమాలి ఆయనను తెర లోపలికి తీసుకువచ్చాను. అమ్మ పొత్తికడుపుమీద రబ్బరు బిళ్ళలు అంటించారు. నాన్న ముఖం పక్కకు తిప్పుకొని పెట్టెను రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ తర్వాత కూడా డ్యూటీ దిగి వచ్చి అలాగే పట్టుకునేవాడు. ఎలా ఉందని అడిగితే, తగ్గిందనేది అమ్మ. తిరుగుదారిలో మాత్రం రిక్షా కుదిపినప్పుడల్లా నా భుజంలో ఆమె గోళ్ళు దిగేవి.

చీమలు పాకుతున్నట్టు తెలుస్తోందా అని ఒకనాడు ఫిజియోథెరపిస్టు అడిగింది. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఫిజియోథెరపిస్టు వంగి పెట్టెను చూసింది. కరెంటు పెంచే నాబ్ అట్టడుగునే ఉంది. నాన్న దానిని ఒక్కనాడూ పైకి తిప్పలేదు.

"నా సేత్తో నీకు కరెంటెలా ఎక్కించీదే?" అన్నాడు, అమ్మ వైపు చూడకుండా.

అమ్మ చేయి చాచింది. "ఇలాగియ్యి. ఏటవుతాదో నానే సూసుకుంటాను."

తనే తిప్పుకుంది. మొదట ఉలిక్కిపడింది. కాసేపటికి బిగపట్టిన దవడ సడలి, కళ్ళు మూతపడ్డాయి.

కాని బిళ్ళలు తీసిన కొంతసేపటికే నొప్పి తిరిగి వచ్చేది. ఆసుపత్రి మొత్తానికి ఆ పెట్టె ఒక్కటే, ఇంటికి ఇవ్వరు. నాన్న మళ్ళీ తెర లోపలికి రాలేదు. బయట బెంచీమీద కూర్చొని, అమ్మ వచ్చే వేళకు లేచి నిలబడేవాడు. రిక్షాను మెల్లగా తొక్కమని చెబుతూ, ఇంటిదాకా పక్కనే నడిచేవాడు.