పెద్దాయన వాకిట్లో రాసిన రిపోర్టు

2022 వేసవి. నరసరావుపేటలో ప్రొబేషన్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. యావజ్జీవ ఖైదీని శిక్ష ముగియకముందే వదలడాన్ని ప్రీమెచ్యూర్ రిలీజ్ అంటారు. దానికి ముందు అతని ఊరికెళ్ళి విచారించాల్సింది మేమే. అతను వస్తే గొడవలవుతాయా, చనిపోయినవాళ్ళ కుటుంబం ఏమంటుంది అన్నవి ముఖ్యం.

కోటయ్యది వెల్దుర్తి వైపు పల్లె. పార్టీ తగాదాలో ఒకతన్ని నరికి చంపాడు. అప్పటికి పదహారేళ్ళుగా లోపలున్నాడు. ఆ ఫైలు నా దగ్గరకు రావడం రెండోసారి. మూడేళ్ళ కిందట, వదిలితే ఊళ్ళో శాంతిభద్రతలకు ముప్పు అని రాసింది నేనే.

మా వైపు ఆఫీసరు ఊళ్ళో దిగితే ఊరి పెద్దాయన వాకిట్లో కుర్చీ వేస్తారు, మజ్జిగ ఇస్తారు. కబురంపితే అందరూ అక్కడికే వచ్చి సంతకాలు పెడతారు. మొదటిసారి నేనూ అలాగే కానిచ్చాను. హతుడి భార్య నాగమ్మ వేలిముద్ర కూడా అక్కడే వేయించుకున్నాను.

ఈసారి పెద్దాయన ఊళ్ళో లేడు. అంతే తప్ప ఇందులో నా గొప్పేమీ లేదు. మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతున్న నాగమ్మ దగ్గరికి నేనే వెళ్ళాను.

"కోటయ్యను వదలొద్దని పోయినసారి చెప్పావు కదమ్మా. ఇప్పుడూ అదే మాటేనా?"

ఆమె చేతులు ఆపలేదు. "నేనెప్పుడు చెప్పాను సారూ? ఆయన వాకిట్లో నిలబెట్టి ఏలు పట్టుకోని ఏయించారు. కోటయ్య ఆయన పాలేరు. నా మొగుణ్ణి నరకమంది ఎవరో ఊరందరికీ తెలుసు. వాడొస్తే నోరిప్పుతాడని ఆయన బయం. చేసినోడు జైల్లో ఉండాడు. చెప్పినోడి ఇంటికాడ మీరు మజ్జిగ తాగారు."

సిగ్గుతో చచ్చిపోయాను. "అయితే వదలమంటావా?" అన్నాను.

"వాడు చేసింది చచ్చిందాకా మరిచిపోను. కానీ వాడొక్కణ్ణే లోపలుంచితే నాకేం న్యాయం జరిగినట్టు? రానీయండి."

ఆమె మాటల్నే రాసి, చదివి వినిపించి, అప్పుడు వేలిముద్ర తీసుకున్నాను. మొదటి రిపోర్టు సరిగా విచారించకుండా ఇచ్చానని కూడా రాశాను. నాకు మెమో వచ్చింది. మరుసటి ఏడు కోటయ్య విడుదలయ్యాడు.

షరతు ప్రకారం మా ఆఫీసులో సంతకం పెట్టడానికి వచ్చినప్పుడు, మొదటి రిపోర్టు నాదేనని అతనితో చెప్పాను. తిడతాడనుకున్నాను. సంతకం పెట్టి పెన్ను నాకిస్తూ, "అప్పటికి మాయమ్మ బతికే ఉంది సారూ" అన్నాడు.

మనిషిని ఎక్కడ నిలబెట్టి అడుగుతామో, జవాబు దాన్నిబట్టే వస్తుందని ఇరవై ఏళ్ళ సర్వీసులో నాగమ్మ నేర్పింది. రెండో అవకాశం ఇచ్చామని మేం ఫైల్లో రాసుకున్నాం. కోటయ్య తల్లికి మాత్రం ఆ కబురు అందలేదు.