నరసింగరావు కేపిటల్ రిపేరు

భిలాయి స్టీలు ప్లాంటులో నరసింగరావు బతుకంతా మెయింటెనెన్సు చేశాడు. చేశాడంటే, మిషను ఆగిపోయిన చోట రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మిషన్లో చేతులు పెట్టింది ఆయన కింద పనిచేసే ఖలాసీలు. నూనె మరకలూ నలిగిన గోళ్ళూ వాళ్ళవి. "అక్కడ కాదురా, ఇక్కడ బిగించు" అన్న మాటలు మాత్రం నరసింగరావువి. ఆ మాటలు ఖలాసీలు విన్నట్టే తలలూపి తమకు తెలిసినట్టు చేసుకుపోయేవారు కాబట్టి సరిపోయింది. సర్వీసులో ఒక్క గాయమైనా తగలనందుకు రిటైరైన రోజున ఆయనకి గోడగడియారం బహూకరించారు. చెయ్యి లోపలికి వెళితే కదా గాయం తగలడానికి!

చిత్రమేమిటంటే ఈ సంగతి ఆయనకే తెలియదు. ప్లాంటులో తను పనిచేసిన మిల్లంతా తన చేతుల మీదే నడిచిందని నిజంగా నమ్ముతాడు. రుఆబాంధా కాలనీలో క్వార్టరు ముందు కుర్చీ వేసుకుని, ఎదురింటి శ్యామసుందర్‌తో పొద్దున్న టీ తాగుతూ రోజూ అదే పాట పాడతాడు.

"మెకానిక్కంటే ఎవుడండీ? మా మిల్లులో అయితే ఆడిని ఖలాసీగా కూడా పెట్టుకోం. ఆడి చేతిలో బండి పెట్టడమంటే పిల్లి చేతిలో పాలు పెట్టడమే."

శ్యామసుందర్ ఎకౌంట్సులో పనిచేసి రిటైరైన మెతక మనిషి. నిజమేనండీ అని తలూపి, టీ చల్లారిపోతోందని గుర్తుచేస్తాడు.

ఆయన పనితనానికి మొదట బలైంది సొంత స్కూటరే. పొద్దున్నపూట స్టార్ట్ అవడానికి కాస్త మొరాయిస్తోందని దానికి కేపిటల్ రిపేరు ప్రకటించాడు. ప్లాంటులో కేపిటల్ రిపేరంటే మిషనుని పూర్తిగా ఆపేసి, ఎముకలు తేలేదాకా విప్పి, గడువులోగా మళ్ళీ బిగించి నడపడం. నరసింగరావు ఆపడం, విప్పడం దాకా అచ్చంగా అలాగే చేశాడు. 'పని జరుగుతోంది, ముట్టుకోరాదు' అని ఎర్ర అట్టముక్క కూడా హేండిలుకి వేలాడదీశాడు. విప్పిన సామాన్లన్నీ గౌరీదేవి స్టీలు పళ్ళాల్లో వరసగా పేర్చాడు. తర్వాత ఏది ఎక్కడిదో అంతుపట్టక ఆ పళ్ళాలు తీసుకెళ్ళి మంచం కిందికి తోశాడు.

"ఏటండీ, ఇది మళ్ళీ నడుస్తాదా? లేకపోతే దీని సీటు మీద నాను మెరపకాయలు ఎండేసుకుందునా?" అని ఒకనాడు గౌరీదేవి అడిగింది.

"కేపిటల్ రిపేరే గౌరీ! తొందరపడితే అవుద్దేటి?"

ఆవిడ మళ్ళీ అడగలేదు. మిరపకాయలు మాత్రం బాగానే ఎండాయి.

అక్కడితో ఆగినా బాగుండేది. కూతురు శ్రుతి స్కూటీకి బ్రేకు వేసినప్పుడల్లా ముందు చక్రం కీచుమనడం మొదలైంది. శ్రుతి ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు కన్నా హిందీ ధారాళంగా వస్తుంది. పక్క ఊరు చరోదాలో ఒక స్కూలువాళ్ళు లెక్కల టీచరు ఉద్యోగానికి శనివారం వచ్చి క్లాసు చెప్పి చూపించమన్నారు. చేస్తున్న ట్యూషన్ల నుంచి బయటపడడానికి చాలాకాలం తర్వాత దొరికిన దారి అది. ఈలోగా బండి మార్కెట్టు వెనక ఖేమ్‌లాల్ మెకానిక్‌కి ఇచ్చేద్దామని ఆ పిల్ల బయలుదేరుతుంటే నరసింగరావు తాళంచెవి లాక్కున్నాడు.

"నాన్నా, ఛోడో నా! ఖేమ్‌లాల్ భయ్యా గంటలో చేసిచ్చేస్తాడు."

"నీ బాబు బతికుండగా ఖేమ్‌లాల్ దగ్గరికి ఎల్తావేటి? నలుగురూ నవ్వరా?"

"ఎవరూ నవ్వరు నాన్నా. నాకు బ్రేక్ పడాలి, అంతే. శనివారం నా పని చెడగొట్టకు, ప్లీజ్."

"మిల్లు నడిపినోడికి బ్రేకొక లెక్కా?" అని ఆయన అప్పుడే చొక్కా చేతులు మడిచాడు.

శుక్రవారం పొద్దున్నే పని మొదలైంది. నరసింగరావు బండి ముందు నిలబడి అలవాటుగా చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "ఊఁ, విప్పు" అనబోయి చుట్టూ చూశాడు. విప్పడానికి అక్కడ ఎవరూ లేరు. స్పానరు పట్టుకుని నట్టుతో కుస్తీ పడితే చక్రం మధ్యాహ్నానికి ఊడింది. దాని వెనకే బ్రేకు లోపలున్న స్ప్రింగులు ఎగిరి పూలకుండీలో పడ్డాయి. వెతికి, తుడిచి, లోపలికి నొక్కి, మళ్ళీ ఊడితే మళ్ళీ నొక్కి, సాయంత్రానికి అంతా బిగించేశాడు. బ్రేకు నొక్కితే చక్రం ఆగింది. కీచుమనలేదు. విజయగర్వంతో లేవబోతుంటే కింద పరుచుకున్న చాప మీద ఒక చిన్న స్ప్రింగు కనిపించింది.

ఎక్కడిదో ఎంత ఆలోచించినా తెలియలేదు. మళ్ళీ విప్పితే మళ్ళీ బిగించగలనో లేదోనని భయం వేసింది. కంపెనీవాడు ఒకటి ఎక్కువ వేసి ఉంటాడులే అనుకుని దాన్ని చొక్కా జేబులో పడేసుకున్నాడు. ఎదురింటికి వినబడేలా, "బ్రేకు ఓకే! ట్రయలు కూడా ఓకే!" అని ప్రకటించాడు. రాత్రి అన్నం సరిగా సహించలేదు. పులుసులో ఉప్పెక్కువైందని గౌరీదేవి మీద విసుక్కున్నాడు. పులుసు ఎప్పటిలాగే ఉంది.

శనివారం పొద్దున్న శ్రుతి కొత్త చీర కట్టుకుని, చార్టులు చుట్టి సంచిలో పెట్టుకుని బండి తీసింది. చరోదాలోనే ఉన్న తన పిన్నిని చూసొస్తానని గౌరీదేవి వెనక కూర్చుంది. ఎదురింట్లో శ్యామసుందర్ గేటు దగ్గర పేపరు చదువుతున్నాడు. శ్రుతి బ్రేకు ఒకసారి నొక్కి చూసి, నవ్వుతూ తండ్రి వైపు తిరిగింది.

"సారీ నాన్నా. మొన్న ఊరికే అరిచాను. బ్రేక్ ఏక్‌దమ్ మఖ్ఖన్ ఉంది!"

ఈ ఇంట్లో ఆయన చేతిపనిని ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మాట కోసం ఎన్నేళ్ళుగా ఎదురుచూశాడో ఆయనకే తెలుసు. వెన్నలా దిగాల్సిన మాట గొంతులో ముల్లులా దిగింది. చరోదా వెళ్ళాలంటే హైవే, జీఈ రోడ్డెక్కాలి. ఇనప చుట్టలు మోసుకుపోయే ట్రెయిలర్ల పక్కన ఈ పిల్ల ఈ బ్రేకునే నొక్కాలి. శ్రుతి సెల్ఫ్ నొక్కింది. నరసింగరావు గబగబా వెళ్ళి హేండిలు పట్టుకున్నాడు.

"దిగమ్మా."

"క్యా హువా?"

"టైర్లో గాలి తక్కువున్నట్టుంది..."

"మొన్ననే కొట్టించాను నాన్నా. లేట్ అయిపోతోంది, వదులు."

ఇంకో సాకు దొరకలేదు. ఎదురుగా పేపరు కిందికి దిగి శ్యామసుందర్ కళ్ళు కనిపించాయి. నరసింగరావు జేబులోంచి స్ప్రింగు తీసి కూతురి చేతిలో పెట్టాడు.

"ఇది మిగిలిపోనాదమ్మా. ఎక్కడిదో తెలీదు. దిగండి ఇద్దరూ." ఒక్కక్షణం ఆగి, "నాకీ పని రాదు. ఎప్పుడూ రాదు" అన్నాడు.

ఆయనకి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కూతురు బండి దిగి రోడ్డు మీద నిలబడేసరికి మాత్రం ప్రాణం కుదుటపడింది.

ఇలాంటి రోజు కోసం గౌరీదేవి దాచుకున్న మాటలు మూటకట్టి ఉన్నాయి. ఆవిడ మూట విప్పలేదు. "ఆటోని కేకెయ్యండి, పిల్లకి లేటయిపోతాది" అంది. ఆటో దొరికింది. ఎక్కేముందు శ్రుతి స్ప్రింగు మళ్ళీ తండ్రి చేతిలో పెట్టి, "వచ్చాక మాట్లాడదాం నాన్నా" అని తల్లితో వెళ్ళిపోయింది.

నరసింగరావు బండి తోసుకుంటూ రోడ్డు మీదికి వచ్చాడు.

"ఏటి నరసింగరావుగారూ, ట్రయలేటి?" అన్నాడు శ్యామసుందర్.

అవునంటే సరిపోయేది. ఆ మనిషి ఎప్పటిలాగే తలూపేవాడు.

"కాదండీ, మెకానిక్ దగ్గరికే. ఖేమ్‌లాల్ కొట్టు మార్కెట్టు వెనక ఏ పక్కనో నాకు తెలీదు."

శ్యామసుందర్ పేపరు మడిచి, చెప్పులేసుకుని గేటు తీసుకుని వచ్చాడు. వెనక నుంచి బండి మీద చెయ్యి వేశాడు.

"పదండి, నాను సూపిస్తాను. ఈ లైన్లో బళ్ళన్నీ ఆడి దగ్గరికే ఎల్తాయి. మీరు మధ్యాన్నం పడుకున్నాక తీసుకెల్తాం. మీరు సూస్తే ఊరికే విప్పేస్తారని భయం."

నరసింగరావు వెనక్కి తిరిగి చూడలేదు. హేండిలు గట్టిగా పట్టుకుని తోస్తూనే ఉన్నాడు.