పలుపు విప్పని గుప్పిట

మా మరిది కారు దగ్గరికి వెళ్తే ముందు దాని బానెట్ మీద చెయ్యి వేసి, ఎద్దు మెడ నిమిరినట్టు నిమిరేవాడు. తను డ్రైవరుగా చేసిన యజమాని పోతూ పోతూ ఇచ్చిన ఎర్రటి పాత అమెరికా కారు అది. స్టార్ట్ చేస్తే నందిగామలో మా వీధంతా ఉలిక్కిపడేది. ఎద్దుల్ని అమ్మేశాక ఖాళీ అయిన కొట్టంలో దాన్ని పెట్టాడు. తాళంచెవికి ఆఖరి ఎద్దు పలుపు ముక్క కట్టుకున్నాడు. పెట్రోలు మంచినీళ్లలా తాగే ఆ కారు అమ్మెయ్యమని చెప్పి చెప్పి నా నోరు అలిసిపోయింది.

చూపు మందగించాక తనే అమ్మకానికి పెట్టాడు. జగ్గయ్యపేట నుంచి ఒకతను వచ్చి, బేరం కుదిరాక తాళం అడిగాడు. మరిది గుప్పిట విప్పలేదు.

"గొడ్డుని అమ్మినా పలుపు ఇవ్వం గదండీ. ఇస్తే కొట్టానికి అచ్చిరాదు."

"అయితే పేట దాకా తోసుకుపొమ్మంటారా బాబాయ్?" అని అతను నవ్వాడు.

"ఇచ్చెయ్యవయ్యా, ఇంకా ఎంతసేపు?" అన్నా.

"ఇస్తాలే వదినా," అంటూ ముడి విప్పి, పలుపు ఉంచుకుని తాళం ఇచ్చాడు. కారు మలుపు తిరిగాక కూడా చాలాసేపు వాకిట్లోనే నిలబడి, తర్వాత ఆ పలుపుని తీసుకెళ్లి కొట్టంలో మేకుకి తగిలించాడు.

ఇప్పుడు మరిది లేడు. తాడు ముక్క కనిపిస్తే ఏదో ఒకదానికి వాడేదాకా ఊరుకోను నేను. ఆ పలుపు ముక్కని మాత్రం దేనికీ వాడలేదు. కొట్టం ఊడ్చినప్పుడల్లా దుమ్ము దులిపి, మళ్లీ ఆ మేకుకే తగిలిస్తున్నా.