బాపు పాలబండికి కోన్ సెట్ మార్చిన కథ

మా గల్లీ మూల మెకానిక్ అంటే నాకు మంట. ఇవాళ్టిది కాదు. మా బాపు పాలు పోసే బండి హ్యాండిల్ నడిమధ్యన పట్టేస్తోందని ఎన్నిసార్లు తీసుకెళ్లినా ఆయన చేసేది ఒకటే: పైనున్న నట్టు బిగించి, "ఇగ ఫికర్ లేదు, పో" అనడం. హ్యాండిల్ తిరిగే చోట లోపల ఇనుప గిన్నెలు, వాటిలో ఉక్కు గోళీలు ఉంటాయి. అన్నీ కలిపి కోన్ సెట్ అంటారు. ఏళ్ల తరబడి పాల క్యాన్ల బరువుతో గతుకుల్లో తిరిగి ఆ గిన్నెలకు గుంటలు పడ్డాయి. బిగిస్తే గుంట పోతుందా? పోదు. ఆ మాత్రం తెలియనివాడు ఉస్తాదట.

ఒకరోజు గౌలిపుర మలుపులో హ్యాండిల్ పట్టేసి బాపు క్యాన్లతో సహా గోడకు గుద్దుకున్నాడు. మోచేయి చీరుకుపోయింది. ఆయన పాలు పోయాయని ఏడ్చాడు. ఈసారి గోడ ఉన్న చోట బస్సు ఉంటే మనిషే పోతాడని నాకు భయం పట్టుకుంది.

నేను ఐటీఐలో ఫిట్టర్ చేశాను. సర్కారు ఫ్యాక్టరీలో రోజంతా బేరింగులతోనే నా బతుకు. ఆ సంగతి బాపుకు తెలియదా? తెలుసు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు, అంతే.

"నేను మారుస్త బాపూ," అన్నాను.

"ఫోన్ల జూసి చేస్తవా? ఆడిపిల్లవు, నీకెందుకు గీ లొల్లి? ఉస్తాద్ ఏమనుకుంటడు?"

"ఏమన్న అనుకోనీ. ఆయన మంచిగ చేస్తే నువ్వెందుకు పడ్డవు?"

ఆదివారం వాకిట్లో ముందు చక్రం ఊడదీశాను. పాత గిన్నెలను కడ్డీతో లోపలి నుంచి కొట్టి రాల్చాను. ఒక్కో దెబ్బకూ బాపు తన నెత్తిన పడ్డట్టు మూలిగాడు. కొత్తవి వంకర పోకుండా చుట్టూ కొద్దికొద్దిగా కొట్టి కూర్చోబెట్టాను. గ్రీజు పట్టించి, గోళీలు పేర్చి, నట్టు బిగించి, మళ్లీ కాస్త వదిలాను. ఆ వదలడంలోనే ఉంది పనితనమంతా. ముందు చక్రం పైకి లేపితే హ్యాండిల్ తనంతట తానే అటూ ఇటూ వాలాలి. వాలింది. బాపుకు చూపించాను.

"మంచిగనే ఉన్నది గని..." అన్నాడు. ఆ 'గని' వినగానే నాకు ఒళ్లు మండింది.

మర్నాడు పొద్దున సంతోష్‌నగర్‌కు పాలు తీసుకెళ్తూ నన్ను బస్సు దగ్గర దింపుతానన్నాడు. క్యాన్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. తీరా చూస్తే బండి తెచ్చి మెకానిక్ ముందు ఆపాడు.

ఆయన హ్యాండిల్ తిప్పి చూశాడు. మళ్లీ తిప్పాడు. "మస్తుగున్నదే. ఎవరు చేసిండ్రు?"

బాపు నా వైపు చూడలేదు. "ఉస్మాన్‌గంజ్ దిక్కు ఒక పిల్లగాడు," అన్నాడు.

నేను ఆయన వీపు వెనకే ఉన్నాను. కన్నతండ్రి నోట ఆ మాట విన్నాను.

"నేనే చేసిన," అన్నాను.

మెకానిక్ నవ్వాడు. అప్పటిదాకా మస్తుగున్న పనికి అప్పుడే వంక దొరికింది. "జర లూజున్నట్టున్నది," అంటూ పానా అందుకున్నాడు.

"చెయ్యి వెట్టకు కాకా."

"ఒకసారి చూడనియ్యి బిడ్డా, పెద్దమనిషి," అన్నాడు బాపు.

ఆ పెద్దమనిషి బలమంతా పెట్టి నట్టు తిప్పాడు.

గల్లీ దాటకముందే బండి తాగినవాడిలా ఊగింది. హ్యాండిల్ ఎటు తిప్పితే అటే ఉండిపోతోంది, బాపు బలవంతంగా వెనక్కి లాగుతున్నాడు. ఎదురుగా ఆటో వచ్చింది. అది అడుగు దూరంలో ఆగింది కాబట్టి ఇద్దరం బతికాం. ఆటోవాడు నోటికొచ్చినట్టు తిట్టి పోయాడు.

బాపు దిగి, బండిని పక్కకు నెట్టి స్టాండు వేశాడు. సీటు కింది పానా తీసి నా చేతిలో పెట్టాడు. అటూ ఇటూ చూశాడు.

"జల్ది చెయ్యి బిడ్డా," అన్నాడు గొంతు తగ్గించి. "ఎవరన్న చూస్తరు."

పానా పట్టుకుని అక్కడే నిలబడ్డాను. నలుగురూ జమయ్యేదాకా ఆ నట్టు ముట్టనన్నాను.