పడవకు లారీ వీపు

నందిగామలో హైవే పక్కన మా మామగారికి లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. నేను ఆ ఇంటికీ ఆ షెడ్డుకీ కలిపి అల్లుణ్ణి. ఇల్లరికమంటే కూర్చుని తినడమే అనుకునేవాళ్లు ఒక్కరోజు మా షెడ్డుకు వచ్చి చూడాలి. పొద్దున కాఫీ ఇచ్చేది ఆయన కూతురు, ఎనిమిదింటికి పని చెప్పేది ఆయన, మధ్యాహ్నం ఆయన పక్కనే అన్నం, సాయంత్రం ఆయన మోటారుసైకిలు వెనకెక్కి ఇంటికి. నలుగురిలో ఉంటే నన్ను “అల్లుడుగారూ” అంటారు. షెడ్డులో గీత కాస్త వంకర పోతే మాత్రం “ఏమయ్యా, కళ్లెక్కడ పెట్టావ్?” అంటారు.

ఆయనకు కొన్ని పట్టింపులున్నాయి. అన్నిటికంటే పెద్దది వీపు. లారీ అడుగున వేసే దూలం బల్లపరుపుగా ఉండకూడదు. నడుమ రెండు నూళ్లు పైకి లేచి ఉండాలి. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, కంటికి ఆనదు. సిమెంటు బస్తాలు పడ్డాక ఆ లేపు కిందికి దిగి అడుగు చదునవుతుంది. “లోడు పడితే అదే సర్దుకుంటదయ్యా” అంటారు. నేను చేరిన కొత్తలో ఒకే దూలాన్ని నా చేత తొమ్మిదిసార్లు చిత్రిక పట్టించారు. ఎనిమిదేళ్లలో నా పని బాగుందని ఒక్కనాడు అనలేదు. బాగోలేదని చెప్పడం మాత్రం ఎప్పుడూ వాయిదా వెయ్యలేదు.

పెళ్లికి ముందు నేను విశాఖ హార్బరులో మూడేళ్లు ఫైబర్ పడవలు చేశాను. ఆ సంగతి ఎత్తితే మామగారు, “నందిగామలో సముద్రం లేదుగా, ఆ మేకుల డబ్బా ఇటివ్వు” అనేవారు. నేను ఇచ్చేవాణ్ణి. లోపల మాత్రం ఉడికిపోయేవాణ్ణి. హైవే మీద అటు హైదరాబాదుకీ ఇటు విజయవాడకీ పొయ్యే ప్రతి బండినీ చూసి, వీటిలో ఒక్కటీ నాది కాదు కదా అనుకునేవాణ్ణి.

అలాంటి రోజుల్లో, ఒక వేసవిలో, ట్రాక్టరు ట్రక్కు మీద మా షెడ్డుకు ఒక పాత స్పీడుబోటు వచ్చింది. తెచ్చింది జగ్గయ్యపేట ఆసామి. ఆయనకు ముక్త్యాల దగ్గర కృష్ణ ఒడ్డున మామిడితోట ఉంది. తోటలో నాలుగు గదులు కట్టాడు. వచ్చినవాళ్లను ఏట్లో రయ్యిమని తిప్పాలని ఆయన కోరిక. పదహారడుగుల బోటు, అడుగు పీటలా చదును. ఎక్కడో చెరువులో జనాన్ని మోసి మోసి నడుం విరిగింది.

మామగారు కలప కోసం వెళ్లిన రోజది. ఆసామి నాతో అన్నాడు: “నాకు స్పీడు కావాలి తమ్ముడూ. ఒడ్డున నిలబడ్డోళ్లు నోళ్లు తెరవాలి. నువ్వు దీన్ని లేపావనుకో, నడిపేది కూడా నువ్వే. తోటలో రెండు గదుల ఇల్లు ఖాళీగా ఉంది. మీ ఆవిణ్ణి తీసుకుని వచ్చెయ్.”

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. పొయ్యి మీద పాలు దించింది. తరువాత, “నాన్నకెవరు చెప్తారు?” అంది.

“బోటు చెప్తుంది. అది పరిగెత్తాక నేను చెప్తా.”

రెండు రోజులయ్యాక బట్టలు మడతపెడుతూ, “ఆ ఇంట్లో వంటగట్టు ఎత్తా, పొట్టా?” అని అడిగింది. అంతే, నాకు కొండంత బలం వచ్చింది.

మామగారు బోటును తొట్టి అనేవారు. “సరే, ఆ మూల చేసుకో. లారీ పనికి అడ్డం రాకూడదు” అన్నారు. నేను పై బల్లలు ఊడదీశాను. మునగకుండా లోపల కూరిన స్పాంజి ఎన్నేళ్ల నీళ్లు తాగిందో, పిండితే బక్కెట్లు నిండాయి. దాని బరువుకే సగం వేగం చచ్చిపోయి ఉంటుంది. నిలువు దూలాలు చేత్తో తీస్తే పిడికెళ్లుగా వచ్చాయి. వెనక భాగం అడుగంతా మెత్తబడిపోయింది. కోసి పారేసి కొత్తగా కట్టక తప్పదు.

హార్బరులో మా మేస్త్రి ఒక మాట చెప్పేవాడు. వేగంగా పొయ్యే చదును పడవకు ప్రాణం వెనక అయిదడుగుల్లో ఉంటుంది, అక్కడ దారం పట్టినంత తిన్నగా ఉంటే అది నీళ్లను ఒరుసుకుంటూ పోతుంది, లేకపోతే ఎంత ఇంజను పెట్టినా దండగే అని. ఆ మాట నేను మరిచిపోలేదు. పని చేస్తున్నంతసేపూ పైకే అనుకుంటూ ఉన్నాను.

బోటును బల్లల మీద బోర్లించి, వెనక అడుగు కట్టిన మూడు రోజులూ మామగారు ఊళ్లో లేరు, బంధువుల పెళ్లికి వెళ్లారు. వెనక నిలబడి చూసేవాళ్లు లేరు. ఈల వేసుకుంటూ దూలాలు చిత్రిక పట్టాను, ప్లయివుడ్డు బిగించాను, ఫైబర్ చాప పరిచి రెజిన్ జిగురు పూశాను. అరచేత్తో ఆ చివర నుంచి ఈ చివర దాకా తడిమి చూశాను. చేతికి చక్కగా ఉంది. ఎనిమిదేళ్లలో అంత హాయిగా ఎప్పుడూ పని చెయ్యలేదు.

ఆ తరువాత ఇంజనును వెనక చెక్క మీద ఒక అంగుళం పైకెత్తాను. నీళ్లను వెనక్కి నెట్టే ఫ్యాను కొత్తది తెప్పించాను. పెట్రోలు ట్యాంకును నడుమకు జరిపాను. ఎర్రరంగు వేసి రుద్ది రుద్ది అద్దంలా చేశాను. వచ్చి చూసిన ఆసామి, “ఇల్లు తుడిపించమంటావా?” అన్నాడు. తుడిపించమన్నాను.

నీళ్లలోకి దించే రోజు బోటును ట్రక్కు మీద ముందే పంపించేశాం. పిలవకుండానే మామగారు బండి తీశారు. నేను అలవాటుగా వెనకెక్కాను. చిల్లకల్లు దాటాక, ఈ వెనక సీటు మీద ఇదే ఆఖరిసారి అనుకున్నాను.

బోటు మొదట బాగానే కదిలింది. వేగం పెంచాను, ముక్కు లేచింది. ఇక చదునుగా పరుగు అందుకోవాలి. అందుకోలేదు. ముక్కు ఠపీమని నీళ్ల మీద పడింది, మళ్లీ లేచింది, మళ్లీ పడింది. నా పళ్లు కొట్టుకున్నాయి. వేగం తగ్గిస్తే బుద్ధిగా ఉంటుంది, పెంచితే మళ్లీ అదే గెంతులు. ట్యాంకు ముందుకు జరిపాను. ఇంజను వాలు మార్చాను. ముందు ఇద్దరు మనుషులను కూర్చోబెట్టాను. వాళ్లు తడిసిపోయి దిగారు గానీ గెంతులు ఆగలేదు. ఒడ్డున నోళ్లు తెరుచుకున్నాయి, నవ్వడానికి.

మామగారు ఒడ్డున గొంతుక్కూర్చుని చూస్తున్నారు. “ఇటు లాగండి. పక్కకి వాల్చండి” అన్నారు. వాల్చాం. అడుగు మీద అరచెయ్యి పెట్టి మెల్లగా జరిపారు. నడుమ చెయ్యి ఆగింది. జేబులోంచి దారం తీసి, “ఆ కొస పట్టుకో” అన్నారు. నేనొక కొస, ఆయనొక కొస పట్టి లాగాం. దారం నడుమ తాకింది. నా కొస దగ్గరా ఆయన కొస దగ్గరా ఖాళీ ఉంది. కొలవక్కర్లేదు. రెండు నూళ్లు.

బోర్లించిన బోటు నా కంటికి బోటులా ఉంది గానీ నా చేతులకు లారీలా ఉంది. పైకి కనిపించే వైపుకు వీపు ఇచ్చేశాను. తిరగేసేసరికి అది బొజ్జయింది. నీళ్లు సిమెంటు బస్తాలా? అవెక్కడ సర్దుకుంటాయి? అలవాటులో పొరపాటంటే ఇదే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. పెళ్లితో వచ్చిన బుద్ధి సంగతి నాకెవరూ చెప్పలేదు.

తిడతారనుకుని తల వంచుకున్నాను. మామగారు నవ్వారు. ఆయన అలా నవ్వడం నేను చూడలేదు. ఆసామి వైపు తిరిగి, “చూసారాండీ? నేను ఊళ్లో లేనప్పుడు చేసిన పనండి ఇది. అచ్చం నా చెయ్యే. ఒక్క నూలు ఎక్కువ లేదు, తక్కువ లేదు” అన్నారు. అడుగును మళ్లీ ఒకసారి తడిమారు. “నా తర్వాత షెడ్డు ఏమైపోద్దో అని బెంగగా ఉండేదండి. ఇంక లేదు.” నడుముకున్న తాళాలగుత్తి విప్పి నా అరచేతిలో పెట్టారు.

నోరు తెరవాల్సింది అప్పుడే. ఆసామి నా మొహంలోకే చూస్తున్నాడు. నేను తెరవలేదు. భయపడి కాదు, సంతోషం వేసింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఎనిమిదేళ్లు ఆ మాట కోసమే కాచుకుని ఉన్నానని, అది చెవినపడ్డాక గాని నాకు తెలియలేదు.

ఆసామి తెలివైనవాడు. “బోటు బాగుచేసి పంపించండి. నడపటానికి విజయవాడ నుంచి ఎవర్నన్నా చూసుకుంటాలే” అన్నాడు.

ఇంట్లో మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. తాళాలు చూసింది. అందుకుని, వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించింది.

పది రోజుల్లో ఆ వీపు అరగదీశాను. ఈసారి చేతిని నమ్మలేదు, అంగుళం అంగుళానికీ దారం పట్టి చూశాను. విజయవాడ కుర్రవాడు దాన్ని ఏట్లోకి తీసుకెళ్లి ఒక్కసారి వేగం ఇచ్చాడు. ముక్కు లేచింది, పడలేదు. అడుగున ఆఖరి అయిదడుగులు మాత్రమే నీళ్లకు ఆనుకుని, ఎర్రగా, సన్నగా, బోటు దూసుకుపోయింది. ఒడ్డున నిలబడ్డవాళ్లందరూ నోళ్లు తెరిచారు. వాళ్లలో నేనూ ఉన్నాను.

మామగారు భుజం తట్టి, “పదండి అల్లుడుగారూ, రేపు పన్నెండు చక్రాల బండి దిగుతోంది” అన్నారు. చుట్టుపక్కల నలుగురూ లేకపోయినా ఆ మాటే అన్నారు. బండి తాళం కూడా నా చేతికిచ్చి వెనకెక్కి కూర్చున్నారు. నందిగామ దాకా నేనే నడిపాను.