ఇంకా కాలేదని సాక్ష్యం చెప్పిన టీచరమ్మ

మంగళవారం పొద్దున మా ఆయనను డయాలసిస్‌కు తీసుకెళ్లడానికి పద్మారావు నగర్‌లో ఇంటి ముందు ఆటో ఎక్కిస్తుంటే ఫోన్ మోగింది. టీచరమ్మ కూతురు. "అక్కా, అమ్మ పోయింది" అని ఒక్క మాటే అంది. ప్రభువు పిలుచుకున్నాడని తర్వాత అందరూ అన్నారు. నాకు మాత్రం కోపమే వచ్చింది. నడవలేని కూతురిని ఒంటరిని చేసి పిలుచుకోవడానికి ఆయనకు అంత తొందరేమొచ్చింది?

రెజిమెంటల్ బజార్‌లో మా పుట్టింటి పక్క వాటాలో ఉండేది టీచరమ్మ. సండేస్కూల్లో నాకు పాటలు నేర్పింది. ఆమె గొంతుకూ శ్రుతికీ పరిచయం లేదు, అయినా చర్చిలో అందరికన్నా ముందు పాట ఎత్తుకునేది. పొద్దుటి ప్రార్థన స్టవ్ ముందు నిలబడి, కళ్లు తెరుచుకునే చేసేది. "కళ్లు మూస్కుంటే పాలు పొంగుతయ్. పొంగినంక ప్రభువొచ్చి స్టవ్ తుడుస్తడా?" అనేది.

మా చర్చిలో నెలకో ఆదివారం సాక్ష్యాలు చెబుతారు. ఉద్యోగం వచ్చినవాళ్లు, జబ్బు నయమైనవాళ్లు లేచి మైకు పట్టుకుంటారు. అడిగింది దొరకనివాళ్లు కూర్చునే ఉంటారు. ఎవరూ పెట్టని నియమం అది. టీచరమ్మ ఒక్కతే దాన్ని ఖాతరు చేయలేదు. కూతురికి పుట్టుకతోనే కాళ్లు పనిచేయవు. ఆ పిల్ల పుట్టినరోజు వచ్చిన నెలలో ఏటా లేచేది. "నా బిడ్డ నడవాలని అడిగిన. ఈ ఏడు సుత కాలె. జెర బాధైతుంది. అయినా అడుగుతనే ఉన్న" అని చెప్పి కూర్చునేది. పిల్లలం మోచేతులతో పొడుచుకుని నవ్వేవాళ్లం. పాస్టరుగారు గబగబా పాట అందుకునేవారు.

మూడేళ్ల కిందట మా ఆయన కిడ్నీలు దెబ్బతిన్నాయి. కొన్ని వారాల డయాలసిస్ తర్వాత డాక్టరు కొన్నాళ్లు ఆపి చూద్దామన్నారు. డాక్టరు చూసేదాకా నేనాగలేదు. ఆ ఆదివారమే మైకు పట్టుకుని, పూర్తిగా నయమైందని సాక్ష్యం చెప్పి లడ్డూలు పంచాను. రెండు నెలలకే మళ్లీ ఆ మిషను దగ్గరికి చేరాం, ఈసారి వారానికి మూడుసార్లు. "సాక్ష్యం చెప్పినంక డౌట్ పడ్డవా సిస్టర్?" అని చర్చికి వచ్చే ఒకావిడ కూరగాయల బండి దగ్గర అడిగింది. ఆ రోజు నుంచి చర్చి గడప తొక్కలేదు. సిగ్గు ఒక్కటే కాదు, దేవుడు నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశాడన్న కసి.

కొన్ని నెలలకు మోకాళ్లు పట్టుకుని మా మెట్లెక్కి టీచరమ్మ వచ్చింది. విశ్వాసం ఉంచమంటుందేమోనని నేను మొహం గంటు పెట్టుకున్నాను. ఆమె నా ముందున్న చిక్కుడుకాయలు లాక్కుని ఈనెలు తీయసాగింది.

"చర్చిల అబద్ధం చెప్పిన, టీచరమ్మా" అన్నాను.

"అబద్ధం గాదు బిడ్డా. సగం చెప్పినవ్. మిగిలిన సగం ఎప్పుడు చెప్తవ్?"

"తగ్గలేదని చెప్పాల్నా? అది సాక్ష్యమా?"

"మరి ఇన్నేండ్ల సంది నేను చెప్పేదేంది?"

"మీకు కోపం రాదా?"

"ఎందుకు రాదు? ఆయన మీదనే వస్తది. ఇంకెవరి మీద పడాలె?" అని గిన్నె నా వైపు జరిపింది. "పుచ్చులు జూసి తియ్యి."

వచ్చే నెల వచ్చి చెప్తానన్నాను. ఆమె ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట. రెండేళ్లు అలాగే గడిపేశాను. ఆమె ఉండగా చెప్పలేకపోయానన్న బాధ నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

భూస్థాపన రోజు చర్చిలో కూతురు చక్రాల కుర్చీలో శవపేటిక పక్కన కూర్చుంది. టీచరమ్మ విశ్వాసం గొప్పదని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. నేనూ లేచాను. మైకు పట్టుకున్నాను.

"మా ఆయనకు నయమైందని ఇక్కడనే చెప్పిన. నయం కాలె. మొన్న మంగళవారం సుత డయాలసిస్‌కు పోయొచ్చినం. దేవుని మీద కోపం ఉంది. అయినా..."

ఆ మాట దగ్గరే ఆగిపోయాను. టీచరమ్మ నోట ఎన్నిసార్లు విన్నా, అడుగుతనే ఉన్న అనే మాట నా నోట రాలేదు. ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరుగారు ఈసారి పాట అందుకోలేదు.

కుర్చీలోంచి కూతురు మైకు కోసం చెయ్యి చాపింది. వైరు పొట్టిది. లాక్కుంటూ వెళ్లి ఆమె పక్కన నేలమీద కూర్చుని నోటికి అందించాను.

"నడవాలని అడుగుడు నేనెప్పుడో బంద్ చేసిన. అమ్మ ఒక్కతే అడిగేది" అంది. నా వైపు తిరిగింది. "ఇగ నాకోసం అడిగేటోళ్లు లేరక్కా. నువ్వడుగుతవా?"

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ప్రార్థన ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. మైకు మా ఇద్దరి మధ్యే ఉంది. స్పీకర్లలో చాలాసేపు మా ఊపిరే వినిపించింది.