టైర్లలో గాలి

మా దీవిలోని సెయంగంగా ఊరికి రేడియల్ టైర్లు కొత్తగా వచ్చిన రోజులవి. లంబాసా వెళ్ళే టాక్సీలో నేను కూర్చున్నాక, నిండు గర్భిణి అయిన కూతురితో ఒక పెద్దాయన వచ్చాడు. ఎక్కకుండా నాలుగు టైర్లూ బొటనవేలితో నొక్కి చూశాడు.

“కొంచెం గాలి తియ్యి భయ్యా. పిల్లకి కుదుపు తగలకూడదు,” అన్నాడు డ్రైవరుతో, హిందీలో.

“ఫికర్ నై కరో కాకా,” అన్నాడు డ్రైవరు. “పాత టైర్లలా గట్టివి కావు. గుంటలో పడితే ఇవే ఒంగుతాయి. గాలి తీస్తే పాడవుతాయి.”

ఆలస్యమవుతోందని నేను విసుక్కున్నాను. అందరూ హిందీ మాట్లాడే ఆ దీవిలో నా విసుగు తెలుగులోనే బయటపడింది. కారు కదిలాక ఆయన కూడా తెలుగులోనే అన్నాడు:

“కోపం వద్దు బాబూ. దీని అమ్మని లారీలో ఆస్పత్రికి తీసుకెళ్ళేను. గాలి తియ్యాలని అప్పుడు తెలీదు. మొదటి బిడ్డ దారిలోనే పోయింది.”

కారు నిజంగానే మెత్తగా సాగింది. అయినా లంబాసా దాకా ఆయన అరచెయ్యి కూతురి నడుముకీ సీటుకీ మధ్యనే ఉంది.